నేను లెక్కపెట్టిన ఆవులు

మా పాత ఆఫీసులో కొత్తగా చేరే పిల్లలకు మొదటి వారం శిక్షణలో నా గురించి ఒక కథ చెబుతారట. చిత్తూరు వైపు ఒక పాల కంపెనీ చేసిన మోసాన్ని ఒక మేడమ్ ఒంటి చేత్తో పట్టేసిందనీ, ఆవు చెవి మడిచి చూస్తే నంబరు బిళ్ళ గుచ్చిన చిల్లు పక్కన ఇంకో చిల్లు కనిపించిందనీ, ఒక ఆవుకు రెండు నంబర్లు ఎందుకుంటాయని ఆమెకు అక్కడికక్కడే అనుమానం వచ్చిందనీ. మొన్న తిరుపతిలో ఒక పెళ్ళి భోజనాల దగ్గర ఒక అమ్మాయి నా పక్కకు కుర్చీ లాక్కుని, "రెండు చిల్లుల మేడమ్ అంటే మీరేనా?" అని అడిగింది. ఆ పిల్లకు అరగంటసేపు జవాబు చెప్పాను. పాపం, తన విస్తట్లో అన్నం ఎండిపోయింది. దొరికిన ప్రతివాళ్ళకూ అన్నం ఎండబెట్టలేను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఆ కథ అబద్ధం. చిల్లు చూసిన మాట నిజమే. కానీ మోసం బయటపడిన రోజున కాదు, అంతకు రెండేళ్ళ ముందు చూశాను. చూసి, పక్కనే నిలబడిన కంపెనీ సూపర్‌వైజరును "ఈ రెండో చిల్లు ఏమిటయ్యా?" అని అడిగాను. "ముందు ఇన్సూరెన్సోళ్ళు ఏసిన బిళ్ళ ఊడిపొయ్యింది మేడం. మేము మళ్ళీ ఏసినాం" అన్నాడు. నేను "పాత ఇన్సూరెన్సు చిల్లు" అని ఫారంలో రాసుకున్నాను. ఆ ఒక్క ముక్క చదివి, మాకు ఈ పని అప్పజెప్పిన ముంబయి వాళ్ళు, ఇంత శ్రద్ధగా పనిచేసేవాళ్ళు కూడా ఉన్నారా అని మెచ్చుకుంటూ ఉత్తరం పంపారు. మా సారు దానికి ప్లాస్టిక్ తొడుగు వేయించి ఆఫీసు గోడకు తగిలించాడు. నేను పట్టిన మోసం అది.

ఇంతకీ మేం చేసే పని ఏమిటో చెప్పాలి. ముంబయిలో ఒక ఫండు ఉండేది. పెద్దవాళ్ళ డబ్బు పోగుచేసి, ఎదిగే కంపెనీల్లో వాటా కొని, నాలుగైదేళ్ళు ఉంచుకుని, ఎక్కువ ధరకు అమ్ముకుని బయటపడడం దాని వ్యాపారం. అలాంటివి చాలా ఉన్నాయి. ఈ ఫండుకు ఒక ప్రత్యేకత ఉంది. తమ డబ్బుకు లాభం ఒక్కటే చాలదు, పేదవాళ్ళకు మేలు కూడా జరగాలి అని బోర్డు మీదే రాసుకుంది. లాభాన్ని లెక్కపెట్టడానికి వాళ్ళకు ఆడిటర్లు ఉన్నారు. మేలును లెక్కపెట్టడానికి మమ్మల్ని పెట్టుకున్నారు. తిరుపతిలో రెండు గదుల ఆఫీసు, ఆరుగురం మనుషులం. నేను బి.కాం. చదివి, పదిహేనేళ్ళు పొదుపు సంఘాల మధ్య తిరిగి, నోటి దురుసువల్ల రెండు ఉద్యోగాలు మారి అక్కడ చేరాను. "నువ్వు మాట్లాడితే మాట్లాడినట్టుండదమ్మా, కొట్లాడినట్టుంటాది. ఈ పనికి అట్లాంటోళ్ళే కావాలి" అని చేర్చుకున్నాడు మా సారు. బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. మంచివాడు, పిరికివాడు. రెండూ ఒకే మనిషిలో ఉండడం మీరు కూడా చూసే ఉంటారు.

ఫండు వాటా కొన్నది చిత్తూరు వైపు పల్లెల్లో పాలు సేకరించే ఒక కంపెనీలో. పథకం వినడానికి ముచ్చటగా ఉండేది. సంఘంలోని ఒక్కొక్క ఆడమనిషి పేరున బ్యాంకు ఆవు కోసం అప్పు ఇస్తుంది. ఆ డబ్బు నేరుగా కంపెనీకి పోతుంది. కంపెనీ ఆవును కొని ఆమె కొట్టంలో కట్టేస్తుంది, పాలు తానే కొంటుంది, ఆ పాల డబ్బులో బ్యాంకుకు కట్టాల్సిన నెల కంతు పట్టుకుంటుంది. ఏడాదికొకసారి నేను పోయి ఆవుల్ని చూసి రావాలి. అవి ఉన్నాయని నేను సంతకం పెడితే, ఫండు తరువాతి విడత డబ్బును కంపెనీకి విడుదల చేస్తుంది.

చూడడమంటే ఫోన్లో ఫోటో తీయడమే. ఆవు, దాని యజమానురాలు, చెవి బిళ్ళ మీది నంబరు, మూడూ ఒకే ఫోటోలో పడాలి. ఫోటో కింద ఊరు పేరు, టైము వాటంతట అవే పడతాయి. ఇంత పకడ్బందీగా ఉంటే ఎవరు మోసం చేయగలరని నేను మీటింగుల్లో గొంతెత్తి వాదించేదాన్ని. ఎదురు చెప్పినవాళ్ళను కూర్చోబెట్టేదాన్ని కూడా.

ఇక నా తప్పు. ఊరికి వెళ్ళే ముందురోజు నేను ఫోను చేసేదాన్ని.

ఇది ఎవరూ నాకు చెప్పిన పద్ధతి కాదు. రూల్సులో చెప్పకుండా పోవాలనే ఉంది. కానీ చెప్పకుండా పోతే ఏమవుతుందో నాకు తెలుసు. కూలికి పోయినవాళ్ళు నా కోసం టమోటా తోటల్లోంచి పరుగెత్తుకు రావాలి, ఆ రోజు కూలి పోతుంది. పైగా మా వైపు పల్లెల్లో ఇంటికి వచ్చిన ఆడమనిషిని తినకుండా పంపరు. కుండలో ఏమీ లేనప్పుడు వచ్చి నిలబడితే వాళ్ళ ముఖం చిన్నబోతుంది. ఎవరింటికైనా చెప్పి పొమ్మని మా అమ్మ నేర్పింది. అందుకే ముందురోజు సంఘం లీడరుకు ఫోను చేసి, "అక్కా, రేపొస్తాను, పొద్దున కొంచెం ఇంటిపట్టున ఉండమనండి" అనేదాన్ని. పేదవాళ్ళ మర్యాద తెలిసిన ఆఫీసరునని లోపల కొంచెం గర్వం కూడా ఉండేది.

ఐరాల దగ్గరి ఒక ఊళ్ళో లీడరు నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది. ముక్కుసూటి మనిషి. పందొమ్మిది మంది ఆడవాళ్ళు ఆమె చెబితే సంతకం పెట్టారు, ఆమె చెబితే వేలిముద్ర వేశారు. ఆమె పెట్టే సంగటి, వేరుశనగ ఊరిబిండి పచ్చడి కోసం మా డ్రైవరు ఆ ఊరి డ్యూటీ అంటే పొద్దున్నే తయారయ్యేవాడు. డ్రైవరుది పుత్తూరు దగ్గర పల్లె. యాభై దాటిన మనిషి. మూడేళ్ళూ నన్ను తిప్పింది అతనే.

మూడో ఏడాది సంతకం కూడా అయిపోయి, నాలుగోసారి పోయాం. ఎప్పటిలాగే పందొమ్మిది కొట్టాలు తిరిగి, పందొమ్మిది ఫోటోలు తీసి, లీడరు ఇంట్లో తిని, మధ్యాహ్నానికి చిత్తూరు చేరాం. బస్టాండు దగ్గర టీ తాగుతుంటే కళ్ళజోడు లేదని తెలిసింది. లీడరు ఇంటి గూట్లో పెట్టి మరిచిపోయాను. నా కళ్ళజోడు లేకుండా నేను రేపటి రిపోర్టు రాయలేను. వెనక్కి తిప్పమన్నాను. ఈసారి ఫోను చెయ్యలేదు. కళ్ళజోడు కోసం పోయేదానికి ఫోనెందుకనుకున్నాను.

మేం పోయేసరికి పాలు పితికే వేళ. లీడరు కొట్టంలో ఆవు పక్కన గొంతుక్కూర్చుని ఉంది. అది రెండు కాళ్ళ మీద అటూ ఇటూ మారుతూ అరుస్తోంది. పొదుగు రాయిలా బిగిసి ఉంది. ఆమె తవుడు పెట్టింది, గంగడోలు నిమిరింది, నీళ్ళు చల్లి చన్నులు తుడిచింది, నోటితో ఏవో చప్పుళ్ళు చేసింది. పాలు దిగలేదు. మళ్ళీ చెయ్యి వెయ్యబోతే ఆవు కాలు విసిరింది. బకెట్టు దొర్లుకుంటూ వచ్చి నా కాళ్ళ దగ్గర ఆగింది.

ఆమె తలెత్తి నన్ను చూసింది. "ఏంది మా, మళ్ళీ వచ్చినావు?" అంది. గొంతు ఆమెది కాదు.

నేను కళ్ళజోడు గురించి చెబుతున్నాను. నా వెనక నుంచి డ్రైవరు కొట్టంలోకి ఒక చూపు చూసి, చాలా మామూలుగా అడిగాడు.

"దూడ యాడమ్మా?"

అడిగి, కొట్టం మూలల్లోకి తొంగిచూశాడు.

"పాలిచ్చే ఆవు గదా. దూడ యాడుండాది?"

లీడరు కొంగుతో చేతులు తుడుచుకుంది. అవి అప్పటికే ఆరిపోయి ఉన్నాయి.

నేను మూడేళ్ళలో ఆ ఊళ్ళో దూడ కోసం ఒక్కసారి కూడా చూడలేదన్న సంగతి అప్పుడు తెలిసింది. పక్క కొట్టంలోకి పోయాను. ఆవు ఉంది, దూడ లేదు. దాని పక్క కొట్టంలోనూ అంతే. ఆ గూటాలు కొత్తవి, నిన్న కొట్టినట్టు మట్టి ఇంకా ఉబ్బి ఉంది. నా ఫారంలో ఆవుకు గడి ఉంది, బిళ్ళకు గడి ఉంది, ఆడమనిషి ఆధారుకు గడి ఉంది. దూడకు గడి లేదు. గడి లేనిదాన్ని నేను చూడలేదు.

తిరిగొచ్చి డ్రైవరును పక్కకు పిలిచాను. "నీకెప్పటి నుంచి తెలుసన్నా?"

"పోయినేడు నుంచీ అనుమానమే మేడం. పిండే చెయ్యి మారితే ఆవు పాలు చేపుతాదా? ఈ ఆవులు ఈళ్ళని ఎరగవు. దగ్గరికి పోతానే బెదురుతా ఉండాయి."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీరు నన్నడిగితే గదా. మీరు నంబర్లడిగినారు. అవి సరిపోయినాయి." కొంచెం ఆగి, "పైగా మీతో వాదించి గెలిచినోడు యాడుండాడు?" అన్నాడు.

ఆ మాటకు కోపం తెచ్చుకునే హక్కు కూడా నాకు లేకపోయింది.

లీడరు నడవలో చాప పరిచింది. మంచినీళ్ళు ఇచ్చింది. ఆ తరువాత చెప్పింది. పందొమ్మిది మందిలో ఆవులు నిజంగా వచ్చింది ఆరుగురికి. వాటిలో రెండు చచ్చిపోయాయి, ఒకటి ఆమెదే. మిగతా పదమూడు మందికి బ్యాంకు అప్పు రాసుకున్నారు కానీ ఆవు రాలేదు. వస్తుంది, కొంచెం ఆలస్యమవుతుంది, అంతవరకు మీ కంతులు మేమే కడతాం అని కంపెనీ వాళ్ళు చెప్పారు. చెప్పినట్టే కడుతూ వచ్చారు. నేను వచ్చే రోజుకు మాత్రం తమ సొంత పశువుల ఫారం నుంచి లారీలో ఆవుల్ని తెచ్చి, పాత బిళ్ళలు పీకి చెవులకు ఈ ఊరి నంబర్లు గుచ్చి, కట్టేసి పోయేవారు. రెండోనాడు తోలుకుపోయేవారు.

"నేనొస్తున్నానని వాళ్ళకెట్లా తెలిసేది?"

"నువ్వు ఫోను చేస్తావు గదా మా. నువ్వు ఫోను పెట్టేసినాక నేను సూపర్‌వైజరుకు చెయ్యాల. అట్లా చెయ్యకపోతే ఆవులు రావని చెప్పినాడు."

"మూడేళ్ళు నీ చేతి అన్నం తిన్నానక్కా. ఒక్కసారైనా చెప్పాలనిపించలేదా?"

"చెప్తే నువ్వేం చేస్తావు? ఆవుల్లేవని రాస్తావు. రాస్తే ముంబయోళ్ళు డబ్బు ఆపేస్తారు. కంపెనీ మూస్తారు. బ్యాంకోళ్ళు ఎవురింటికి వస్తారు? మా ఇండ్లకే గదా. ఈ పదమూడు మందీ నన్ను చూసి సంతకం పెట్టినారు మా. వాళ్ళకు నేనేం చెప్పుకునేది?"

నేను చదువుకున్నదాన్ని, పదిమందిలో మాట్లాడగలదాన్ని. ఆ మాటకు జవాబు చెప్పకుండా లేచి వచ్చి ఉంటే బాగుండేది. కానీ ఆమె రెండు చేతులూ పట్టుకుని, "నిజం రాస్తానక్కా. మీ మీద ఒక్క రూపాయి కూడా పడకుండా చూసే పూచీ నాది" అన్నాను. ఏ అధికారంతో అన్నానో ఇప్పటికీ తెలియదు. నెల జీతానికి పనిచేసే మనిషిని. బ్యాంకు నాది కాదు, ఫండు నాది కాదు.

ఆమె నా ముఖంలోకి చూసి, "అట్లయితే రాయి" అంది.

ఈ పనికి వచ్చే పిల్లలకు ఒక మాట. మీరు చెప్పే అబద్ధాలకు జనం పెద్దగా నష్టపోరు, వాళ్ళకు అబద్ధాలు అలవాటే. మీరు మనస్ఫూర్తిగా ఇచ్చే మాటల దగ్గర జాగ్రత్త.

రిపోర్టు రాశాను. ఈ ఊరితో ఆగకుండా, చెప్పకుండా ఇంకో నాలుగు ఊళ్ళు తిరిగాను. అన్నిచోట్లా అదే కథ. మా సారు రిపోర్టు చదివి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. చిత్తూరు బ్యాంకు మేనేజరుకు కూడా ఒక కాపీ పంపుదామన్నాను.

"ఒప్పందం ప్రకారం ముందు ఫండుకు చెప్పాలమ్మా. వాళ్ళు మన క్లయింటు."

"ఆ ఆడవాళ్ళు మన ఎవరు సార్?"

"కొట్లాడద్దు. శనివారం ఫండు పెద్దాయన దర్శనానికి వస్తా ఉండాడు. ముఖాముఖి చెప్దువు. మంచి మనిషి, వింటాడు."

ముంబయి నుంచి ఎవరు వచ్చినా అంతే. శుక్రవారం మీటింగు, శనివారం దర్శనం. పేదల మేలూ తమ మేలూ ఒకే టికెట్టు మీద చూసుకునేవారు.

అలిపిరి దారిలోని హోటల్లో కలిశాను. కొండ నుంచి అప్పుడే దిగాడు. తల నీలాలిచ్చి వచ్చాడు, గుండు మీద గంధం ఇంకా ఆరలేదు. మాట తెలుగే, సగం ఇంగ్లీషు. నాకు లడ్డూ ప్రసాదం పెట్టాడు. నేను రిపోర్టు బల్ల మీద పెట్టి, లారీ గురించి, బిళ్ళల గురించి, దూడల గురించి మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డుపడలేదు. అంతా విన్న తరువాత అతను అడిగిన మొదటి ప్రశ్న ఇది:

"ఈ విషయం ఇంకెవరికి తెలుసు?"

"మా సారుకు, మా డ్రైవరుకు. ఇంకా ఆవులకు" అన్నాను.

నవ్వలేదు. నీళ్ళు తాగి, మెల్లగా చెప్పాడు. "మీరు చేసింది చాలా గొప్ప పని మేడమ్. కానీ ఈ రిపోర్టు ఇవాళ బయటికి వెళ్తే రేపు కంపెనీ మూతపడుతుంది. కంతులు ఆగిపోతాయి. ముందు నష్టపోయేది ఆ లేడీసే. నాకు మూడు వారాలు ఇవ్వండి. లోపల నుంచి సరిచేస్తాను. వాళ్ళ అప్పులు క్లియర్ చేయించే బాధ్యత నాది. అప్పటిదాకా రిపోర్టు మీ దగ్గరే ఉండనివ్వండి."

లీడరు నడవలో చెప్పిన భయాన్నే ఇతను హోటల్లో చెప్పాడు. ఇద్దరూ ఒకే మాట అంటే అది నిజమే అయి ఉంటుందనుకున్నాను. ఒకరు భయపడి అన్నారని, ఇంకొకరు ఎందుకు అన్నారో ఆలోచించాలని తట్టలేదు. ఎవరితో పడితే వాళ్ళతో వాదించే నేను, జీవితంలో వాదించాల్సిన ఒక్క చోట తల ఊపాను. రిపోర్టు మళ్ళీ సంచిలో పెట్టుకున్నాను. బయటికి వచ్చి లీడరుకు ఫోను చేసి, "మూడు వారాలు ఓర్చుకోండక్కా. పెద్దాయనే మాటిచ్చాడు" అని చెప్పాను.

"పెద్దోళ్ళు చెప్తే జరగతాదిలే మా" అందామె. చాలా రోజులకు ఆమె గొంతు ఆమెదిలా వినిపించింది.

మూడో వారం ఆఖరున ముంబయి నుంచి ఒక కొత్త గొంతు ఫోను చేసింది. కుర్రవాడు, హుషారుగా ఉన్నాడు. తాము ఇంకో ఫండు వాళ్ళమనీ, ఆ పాల కంపెనీలో పాత ఫండు వాటా మొత్తం తామే కొన్నామనీ చెప్పాడు. "మీ మూడు రిపోర్టులూ చదివాం మేడమ్. ఎక్సలెంట్. అంత రేటు పెట్టడానికి మాకు ధైర్యం ఇచ్చింది అవే. నాలుగో ఏడాది రిపోర్టు ఎప్పుడొస్తుంది?"

సంచిలో చెయ్యి పెట్టి రిపోర్టు తడిమి చూసుకున్నాను. "అది మూడు వారాలుగా నా సంచిలో ఉంది బాబూ, ఇప్పుడే పంపుతాను" అన్నాను.

పంపాను. ఒక కాపీ బ్యాంకుకు, ఒక కాపీ పోలీసులకు. మా సారు వద్దనలేదు. గోడ మీది ఉత్తరం తీసి బీరువా వెనక్కి నెట్టాడు. వారం తిరక్కుండా కంపెనీ ఆఫీసుకు తాళం పడింది. దాని యజమాని ఫోను పలకలేదు. కొన్న ఫండు అమ్మిన ఫండు మీద కేసు వేసింది. అమ్మిన ఫండు, మేమూ మోసపోయాం, మేలు జరుగుతోందని మూడేళ్ళు సంతకం పెట్టింది బయటి సంస్థ అని జవాబిచ్చింది. బయటి సంస్థ అంటే నేను.

కంతులు ఆగిన రెండో నెలలో ఊళ్ళోకి నోటీసులు వచ్చాయి. ఆ సంగతి తెలిసిన రోజే పోయాను. లీడరు నడవలో ఆడవాళ్ళంతా కూర్చుని ఉన్నారు. అందరి ఒళ్ళోనూ బ్యాంకు కవర్లు. నన్ను చూసి ఎవరూ లేవలేదు. కొత్తగా పెళ్ళై వచ్చిన కోడలొకతె, నోరున్న పిల్ల, అంది:

"ఏం మేడం, ఈ పొద్దు ఫోను చెయ్యకుండానే వచ్చినారే? చెప్పింటే లారీలో రవంత డబ్బు తెచ్చి మా గూటాలకు కట్టేసింటారు గదా, మీరు ఫోటో తీసుకుందురు."

కొందరు నవ్వారు. ఆ నవ్వులో పాపం వాళ్ళకే సుఖం లేదు. ఒక ముసలామె, భర్త లేని మనిషి, తన కవరు నా చేతిలో పెట్టి, "చదివి చెప్పు మా, ఇండ్లు తీసుకుంటారా?" అని అడిగింది. చదివాను. ఇల్లు తీసుకుంటామని లేదు. తీసుకోబోమనీ లేదు. అదే చెప్పాను.

"ఆయమ్మనేం అనద్దండి" అంది లీడరు గడపలోంచి. "ఆవు వస్తాదని సంతకం పెట్టమని చెప్పింది నేను. మూడు వారాలు ఆగమన్నప్పుడు అట్నే లెమ్మని మీకు చెప్పింది కూడా నేనే."

వాళ్ళంతా వెళ్ళిపోయాక ఆమెను చూశాను. ఇంటి వెనక ఉన్న రెండో కొట్టం ఖాళీగా ఉంది. ఆమెకు సొంతానికి ఒకటే ఆవు ఉండేది, కంపెనీ ఆవుల కంటే ముందు నుంచీ ఉన్నది. దాన్నీ దాని పెయ్యనూ పుంగనూరు సంతలో అమ్మేసి, ఆ ముసలామె పేరున బ్యాంకులో కట్టింది. "ఆమెతో వేలిముద్ర ఏయించింది నేను. మిగిలినోళ్ళకు వయసుండాది, ఎట్లో చేసుకుంటారు" అంది. నేను నా సంచిలోంచి కొంత డబ్బు తీయబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది. "అన్నం తినేసి పో" అంది. తిన్నాను. నా జీవితంలో అంత కష్టంగా తిన్న అన్నం లేదు.

మిగతా పన్నెండు మంది మీదా అప్పు అలాగే ఉంది. వసూలు ఆపమని కోర్టు ఒకసారి చెప్పింది, తరువాత ఆ గడువు అయిపోయింది, మళ్ళీ అడిగాం. కాగితాలు రాసి పెట్టడం, వకీలు దగ్గరికి తిప్పడం నేను చేస్తున్నాను. ఉద్యోగం ఆ ఏడాదే మానేశాను. అడిగినవాళ్ళకు రిటైరయ్యానని చెబుతాను. లీడరును ఇప్పుడు ఊళ్ళో ఎవరూ లీడరని పిలవరు. సంఘం చీలిపోయింది. మామిడి సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీకి పోతుంది, మిగతా రోజుల్లో ఏ కూలి దొరికితే ఆ కూలికి. చిత్తూరు కోర్టులో వాయిదా ఉన్నప్పుడల్లా అందరికంటే ముందు ఆమే వచ్చి మెట్ల మీద కూర్చుని ఉంటుంది. పోయినసారి సాక్ష్యంలో అవతలి వకీలు నా మూడు రిపోర్టులూ వరుసగా పైకెత్తి చూపించి, "ఈ సంతకాలు మీవేనా?" అని మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ నావేనన్నాను. వాదించలేదు.

పెద్దాయన వాటా ఎప్పుడు అమ్మాడన్న ఒక్క సంగతి మాత్రం ఇంతవరకు తేలలేదు. వాటా అమ్మిన ఒప్పందం మీద ఒక తారీఖు ఉంటుంది. ఆ కాగితం చూపించమని మా వకీలు అడిగితే, అది రెండు ఫండుల మధ్య రహస్యమని జవాబు వచ్చింది. ముంబయికి నేనే నాలుగు ఉత్తరాలు రాశాను. అందినట్టు ముద్ర పడి రసీదులు తిరిగొచ్చాయి, జవాబు రాలేదు. ఆ తారీఖు వల్ల అప్పు తీరదని నాకు తెలుసు. లీడరుకు కూడా తెలుసు. అయినా మొన్న కోర్టు మెట్ల మీద ఆమె నన్ను అడిగింది, "మా, ఆ గుండు పెద్దాయనకు నువ్వు చెప్పకముందే తెలుసునా, నువ్వు చెప్తేనే తెలిసిందా?" అని. తెలియదన్నాను.

అందుకని అయ్యా, ఇది ఎప్పటికైనా మీ కళ్ళ పడుతుందేమోనని ఇక్కడే అడుగుతున్నాను. ముందే తెలిసి ఉంటే నేను మీ ముందు కూర్చుని ఆయాసపడిందంతా మీకు వినోదం, అంతే. నేను చెప్పాకే తెలిసి ఉంటే, ఆ పదమూడు మందినీ మీకు అమ్మిపెట్టింది నా నోరే. ఆ కాగితం మీద మీరు సంతకం పెట్టింది, ఆ శనివారం నేను మీ ఎదుట కూర్చోకముందా, కూర్చున్న తరువాతా?